పిట్టకిచ్చిన మాట

సూరత్ పక్కనున్న జోల్వాకు పోదామని లింగమూర్తి అనగానే సుభాషిణి టీచర్ మొహం ముడిచింది.

"జోల్వాల ఏమున్నది సార్, సాంచెలు తప్ప? పిల్లలను చెరువు కాడికి తీస్కపోదం. రంగురంగుల కొంగలు దిగుతున్నయంట."

"చెరువు కాడి కొంగను లోకమంతా ఫొటో తీస్తది టీచరమ్మా. వాకిట్ల తిరిగే పిచ్చుకను తీసెటోడే లేడు."

ఆ మాట ఆమెకు నచ్చింది. పిల్లల ఫొటోలతో పెట్టబోయే ఎగ్జిబిషన్‌కు అక్కడికక్కడే పేరు కూడా పెట్టేసింది: మన వాకిటి పిట్టలు. లింగమూర్తి తల ఊపాడు. జోల్వానే ఎందుకో ఆమెకు చెప్పలేదు.

లింబాయత్‌లోని తెలుగు సమాజం ఆదివారాలు ఆ క్లాసు నడుపుతుంది. చుట్టుపక్కల ప్రైమరీ బళ్లలో తెలివి మరీ ఎక్కువై కుదురుగా కూర్చోలేని పిల్లలను సుభాషిణి టీచర్ ఏరి తెచ్చింది. పాఠం సగంలో ఉండగానే చివరికి పోయి, మిగిలిన సగం టీచర్ల ప్రాణం తోడేసే రకం. వాళ్లను ఆరుబయట తిప్పి పిట్టలను, పురుగులను, ఆకులను ఫొటో తీయడం నేర్పేది లింగమూర్తి. ఊళ్లో పదో తరగతి చదివి, సూరత్ వచ్చి సగం బతుకు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, గడిపాడు. సెలవు రోజుల్లో మనవాళ్ల పెళ్లిళ్లను, తీరిక దొరికితే పిట్టలను ఫొటోలు తీసేవాడు. భార్య జమున పోయిన నాడు సాంచె బందు పెట్టి, కెమెరా ఒక్కటే పట్టుకున్నాడు.

జమున పోయింది జోల్వాలోనే. పరమేశ్వర్ సేఠ్ కార్ఖానాలో బాబిన్ చుట్టేది. పరమేశ్వర్ కూడా తెలుగువాడే. సిరిసిల్ల నుంచి చేతి సంచీతో వచ్చి, ఒకరి దగ్గర పనిచేసి, తర్వాత నలుగురిని పనిలో పెట్టుకుని సేఠ్ అయ్యాడు. షిఫ్టు ఎక్కగానే బయటి నుంచి షటర్ దించి తాళం వేయించడం అతని అలవాటు. మనుషులు చాయ్ పేరుతో బయట తిరగరు, నూలు దొంగతనం పోదు. ఆ పేటలో చాలామంది సేఠ్‌లు అదే చేస్తారు. చూసి చూసి ఆ తాళం ఎవరి కంటికీ ఆనదు.

పోయిన ఎండాకాలం, రేకుల షెడ్డు కింద, జమునకు గుండెలో నొప్పి వచ్చింది. లోపలివాళ్లు షటర్ బాదారు. తాళంచెవి పరమేశ్వర్ జేబులో ఉంది, పరమేశ్వర్ ఒక పెళ్లి విందులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "షిఫ్టు ఇడిచే టైముకు మస్తు మందికి నొప్పులొస్తయ్" అన్నాడు. చేతులు కడుక్కుని అతను వచ్చేసరికి జమున బాబిన్ల బుట్ట పక్కన చల్లబడి ఉంది. పోలీసులు అడిగితే షటర్ తెరిచే ఉండెనన్నాడు. లోపలున్నవాళ్లూ తెరిచే ఉండెనన్నారు. వాళ్లు మరునాడు అదే షటర్ కింద నుంచి దూరాలి. లింగమూర్తికి తోడబుట్టినట్టు ఉండే బిక్షపతి కూడా ఆ మాటే అన్నాడు, నేల చూస్తూ.

మూడోనాడు తాపీ నది ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో వడ్డించి ఉంచితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేమిటో తట్టినవాళ్లు ముందుకొచ్చి మాట ఇవ్వాలి. సర్వపిండి పెట్టారు, మటన్ పెట్టారు, ఆమె చాయ్ గ్లాసు పెట్టారు. కాకులు గోడ మీద వరుసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. "వదినా, అన్నను మేం చూసుకుంటం" అన్నాడు బిక్షపతి. దిగలేదు. "మీ అవ్వకు నెలనెలా పైసలు పంపుతం" అంది మరొకామె. దిగలేదు. ఎండెక్కుతోంది. మంది కాళ్లు మార్చుకుంటున్నారు.

అప్పుడు లింగమూర్తి ఆకు ముందు మోకాళ్ల మీద కూర్చుని నుదురు ఇసుకకు ఆనించాడు. ఎవరికీ వినపడకుండా అన్నాడు:

"జమునా, తాళం ఏసిన్నని వాని నోటితోటే అనిపిస్త. నలుగుర్ల అనిపిస్త. ఇడిచిపెట్ట."

రెక్కల చప్పుడైంది. తలెత్తేసరికి సర్వపిండి ముక్క కాకి ముక్కున ఉంది.

ఆనాటి నుంచి లింగమూర్తికి వేరే పని లేదు. పెళ్లిళ్లు తీశాడు, పిట్టలను తీశాడు, ఈ పిల్లల క్లాసు ఒప్పుకున్నాడు. క్లాసు ఒప్పుకున్నది కూడా పిల్లల పేర్లు చదివిన తర్వాతే. అందులో సుమన పేరు ఉంది. నాలుగో తరగతి. పరమేశ్వర్ మనవరాలు.

*

జోల్వా సందులో బస్సు దిగగానే పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆదివారమైనా సాంచెలు ఆగవు. రేకుల వెనక నుంచి ఆ చప్పుడు నేలను కూడా అదిరిస్తుంది.

"సార్, గీ సప్పుడుకు పిట్టలెట్ల ఉంటయ్? కాన్ ఫట్ జాయేగా!" అన్నాడు ఉమాకాంత్. నోరు మూతపడని పిల్లవాడు.

"నీ నోటికంటె నయమే అనుకుంటయ్" అన్నాడు లింగమూర్తి. పిల్లలు గొల్లుమన్నారు.

షెడ్ల పైపుల్లో, బోర్డుల వెనకాల పిచ్చుకలు గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. లింగమూర్తికి ఆ సంగతి జమున చెప్పింది. మధ్యాహ్నం బువ్వ తిన్నాక నాలుగు మెతుకులు షటర్ సందులోంచి బయటికి విసిరేదట. పిచ్చుకలు వేళ పట్టి వచ్చేవట.

పిల్లలను సందులో బోర్లా పడుకోబెట్టాడు. బట్టలు మాసిపోతాయని ఒక పిల్ల గొణిగితే, "పిట్టకు నీ గౌను చూపియ్యనీకి రాలే" అన్నాడు. తర్వాత ఎప్పుడూ చెప్పే పాఠం మళ్లీ చెప్పాడు.

"పిట్ట మన చేతులకు భయపడదు, కాళ్లకు భయపడదు. కండ్లకు భయపడ్తది. తననే గుడ్లప్పగించి చూస్తుంటే పిల్లిననుకుంటది. అందుకని ముందుగాల తల దించాలె. ఎటో చూస్తున్నట్టు ఉండాలె. అది దిగినంక మెల్లగ కెమెరా ఎత్తాలె. ఊపిరి ఇడిచి నొక్కాలె. సమజైందా?"

"సమజైంది సార్" అన్నారు అందరూ. సుమన ఒక్కతి అనలేదు. అప్పటికే తల దించి ఉంది.

ఆ పిల్ల తీరే అంత. ఒక్కసారి చెబితే చాలు. చెప్పింది చెప్పినట్టు చేసి, మరునాడు దాన్నే తిప్పి ప్రశ్న అడుగుతుంది. క్లాసు అయ్యాక బస్టాండు దాకా పక్కనే నడుస్తూ కాకి ముసలిదైతే ఎట్లా తెలుస్తుంది, పిచ్చుకకు కలలొస్తాయా అని ప్రాణం తీస్తుంది. లింగమూర్తికి పిల్లలు లేరు. ఆ పిల్ల ప్రశ్నలకు జవాబు చెబుతూ ఒక్కోసారి అతను జమునకిచ్చిన మాట మరిచిపోయేవాడు. గుర్తు రాగానే నడక వేగం పెంచేవాడు.

"సార్, ఇది మా తాత కార్ఖానా!" అంది సుమన గుసగుసగా, గర్వంగా.

"గట్లనా" అన్నాడు లింగమూర్తి. "అయితే నువ్వు ఈడనే ఉండు. షటర్ ముంగట. కదలకు."

అతను కోరుకున్నది తాళం ఒక్కటే. షటర్ మీద ఒక పిచ్చుక, దాని పక్కన తాళం. అంతకు మించి దొరికింది. బువ్వ వేళకు షటర్ కింది సందులోంచి ఒక ఆడమనిషి చెయ్యి బయటికి వచ్చింది. మట్టి గాజులు, వేళ్లకు చుట్టుకున్న నూలు పోగులు, అరచేతిలో మెతుకులు. జమున చోట్లో ఇప్పుడెవరో. పిచ్చుక దిగి ఆ మణికట్టు మీదే కూర్చుంది. సుమన ఊపిరి విడిచి నొక్కింది.

"సార్, చూడుండ్రి!"

చూశాడు. పిట్ట రెక్క సగం విప్పి ఉంది. ఈకల అంచులు లెక్కపెట్టేంత స్పష్టం. చేతికి మూరెడు పక్కన, షటర్ కొక్కేనికి, ఎండకు తళతళలాడుతూ తాళం.

"మంచిగున్నదా సార్?"

"నీకంటె మంచిగ ఎవ్వలూ తీయలేరు" అన్నాడు. అబద్ధం కాదు.

*

ఎగ్జిబిషన్ పనులు జోరందుకున్నాయి. సుమన ఫొటోను అన్నిటికంటె పెద్దదిగా వేయించాలని సుభాషిణి టీచరే అంది. "ఆ చెయ్యి చూడుండ్రి సార్, ఎంత ప్రేమున్నదో!" అని మురిసిపోయింది. తాళం ఆమె కంటికి ఆనలేదు. ముఖ్య అతిథిగా పరమేశ్వర్‌ను పిలుద్దామంది. ఫ్రేములన్నీ ఆయనే చేయించి ఇస్తానన్నాడట. లింగమూర్తి వద్దనలేదు. తన వంతుగా ఇంకొకరిని పిలిచాడు. కార్ఖానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్, గుజరాతీ పెద్దమనిషి. పోయిన చలికాలం ఆయన బిడ్డ పెళ్లికి ఫొటోలు తీసింది లింగమూర్తే. పిల్లల పని చూసి దీవించమంటే ఎవరు రానంటారు?

ఇంక నాలుగు మేకులు కొట్టడమే మిగిలింది అనుకుంటుండగా, హాలు మెట్ల మీద సుమన వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో కెమెరా.

"సార్, ఒకటి కనిపెట్టిన."

"ఏంది?"

"మొన్న మా పక్కింటి తాత సచ్చిపోయిండు గదా. తాపీ కాడ పిట్టకు పెట్టిండ్రు. నేను దూరంకెళ్లి తీసిన. చూడుండ్రి." తెర మీద ఒక్కో ఫొటో జరిపింది. "దీంట్ల అందరు నిలబడి కాకినే చూస్తున్నరు. కాకి వస్తలేదు. దీంట్ల గూడ వస్తలేదు. గీ అవ్వ ఏదో మాటిచ్చింది, రాలే. గీయన ఇచ్చిండు, రాలే. ఇగో, ఇప్పుడు వాళ్ల కొడుకు తల కిందికి పెట్టి మొక్కిండు. ఆయన్ని చూసి అందరు తల వంచిండ్రు. కాకి వచ్చింది!"

లింగమూర్తి ఆ ఫొటోను వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు జరిపాడు.

"ఆయనేమో, 'నాయిన కోరిక నాకే ఎరుకైంది' అని ఏడ్చిండు సార్. గది కోరిక కాదు. మీరు చెప్పిండ్రు గదా, పిట్ట కండ్లకు భయపడ్తదని. ఎవ్వలూ చూడకుంటెనే దిగుతది. కరెక్టేనా సార్?"

మెట్ల కింద రిక్షాలు పోతున్నాయి. లింగమూర్తికి నుదుటి మీద ఆనాటి ఇసుక గుచ్చుకున్నట్టయింది. ఏళ్ల తరబడి పిట్టలను తీశాడు. ఆదివారం ఆదివారం ఈ పిల్లలకు ఆ ఒక్క పాఠమే చెప్పాడు. ఆ రెండింటినీ తన మనసులో ఎప్పుడూ ఒకచోట పెట్టి చూడలేదు. తన మూడోనాటి కాకి అతనికి పిట్ట కాదు, జమున.

"కరెక్టే" అన్నాడు చివరికి.

సుమన సంతోషంగా లేచి, రెండు మెట్లు ఒకేసారి దూకుతూ పోయింది. మలుపులో ఆగి అరిచింది: "సార్, నా పిచ్చుక ఫొటో తాతకు ముందుగాల చూపియ్యకుండ్రి! సర్‌ప్రైజ్!"

అంటే జమున అడగలేదు. ఆమె ఏమడిగేదో ఇక ఎవరికీ తెలియదు. తాళం వేసిన షెడ్డులో కూర్చుని పిట్టలకు మెతుకులు విసిరిన మనిషి. ఏమీ అడిగేది కాదేమో. ఈ ఫొటో తీసి పక్కన పెట్టడానికి ఇంకా టైముంది. పిచ్చుకలు వేరే ఉన్నాయి, వేరే పిల్లలు తీసినవి. ఒక పిల్ల సంబరం నిలబడుతుంది.

లింగమూర్తి చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాడు. లేచేసరికి లెక్క తేలింది. మాట జమునది కాకపోతే తనదే. తనదైతే మరీ మంచిది. చచ్చిన మనిషి పేరు అడ్డం పెట్టుకోవాల్సిన పని లేదు. సుత్తి తీసుకుని హాల్లోకి పోయాడు. తలుపు తీయగానే ఎదురుగా కనిపించే గోడకు, మనిషి కండ్ల ఎత్తున, మేకు కొట్టాడు. ఫొటో కింద సుమన పేరు ఉంది. ఊరు పేరు, కార్ఖానా పేరు రాయనివ్వలేదు.

"ఎక్కడ తీసిందో రాయొద్దా సార్?" అంది టీచర్.

"వద్దు. చూసెటోల్లే చెప్తరు."

*

హాలు నిండింది. సాంచెల మీంచి నేరుగా వచ్చినవాళ్లు నూలు దుమ్ము దులుపుకుంటూ వెనక నిలబడ్డారు. బిక్షపతి కూడా వాళ్లలో ఉన్నాడు. పరమేశ్వర్ తెల్ల సఫారీలో వచ్చాడు. మనవరాలు చెయ్యి పట్టుకుని లాక్కుపోయి పెద్ద ఫొటో ముందు నిలబెట్టింది.

"తాతా, ఎవ్వలు తీసిండ్రో చెప్పు!"

పరమేశ్వర్ కండ్లజోడు సర్దుకుని చూశాడు. పేరు చదివాడు. మొహం వెలిగిపోయింది. పిల్లను ఎత్తుకోబోయి, నడుం సహకరించక దగ్గరికి అదుముకున్నాడు.

"నా బిడ్డనే! నా మన్మరాలే తీసింది!" హాలంతా వినపడేట్టు అన్నాడు. మైకు ఇవ్వకముందే లాక్కున్నాడు. "గీ షటర్ ఎవ్వలిదో ఎరుకనా? నాది! జోల్వాల నా కార్ఖానా. పిట్టలు గూడ మా కాడ బువ్వ తింటయ్!"

చప్పట్లు మోగాయి. లింగమూర్తి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తొందరపడలేదు. తల దించి, ఎటో చూస్తున్నట్టు ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫొటో దగ్గరికి వచ్చి వంగి చూశాడు. పిట్టను చూశాడు, చేతిని చూశాడు. తర్వాత చాలాసేపు ఇంకోవైపు చూశాడు. హిందీలో మెల్లగా అడిగాడు: "సేఠ్‌జీ, చెయ్యి లోపల్నుంచి వచ్చింది. తాళమేమో బయట ఉంది?"

పరమేశ్వర్ నవ్వాడు. పప్పులో ఉప్పెందుకు వేశారని అడిగితే నవ్వినట్టు. "తాళం ఏయకుంటె ఎట్ల సాబ్? కార్ఖానా పెట్టిన నాటిసంది ఏస్తనే ఉన్న. ఒక్కనాడు గూడ మరువలే. నూలు ఊకెనే ఉంటదా?" మైకు ఇంకా చేతిలోనే ఉంది. ప్రతి మాటా నాలుగు మూలలా వినపడింది. ఇన్‌స్పెక్టర్‌కు అర్థం కావాలని అదే ముక్క హిందీలో కూడా చెప్పాడు.

లింగమూర్తి తలెత్తాడు.

"ఒక్కనాడు గూడ మరువలేదా, సేఠ్?"

"మరువలేదంటున్న గదరా లింగా."

"జమున సచ్చిన నాడు?"

పరమేశ్వర్ మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఆ నాడు... ఆ నాడు తీసే ఉండె. పోలీసులకు చెప్పినం గదా. అడుగుండ్రి, గీళ్లనే అడుగుండ్రి" అని వెనక వరుస వైపు చెయ్యి చూపాడు.

వెనక వరుసలోంచి బిక్షపతి గొంతు వినపడింది. ఈసారి నేల చూడలేదు.

"ఏసే ఉండె సార్. కొట్టి కొట్టి మా చేతులు వాచినయ్."

"అవు, ఏసే ఉండె" అన్నారు ఇంకొకరు. తర్వాత ఇంకొకరు, ఇన్‌స్పెక్టర్‌కు తెలిసేట్టు హిందీలో. ఇన్‌స్పెక్టర్ పరమేశ్వర్ చేతిలోని మైకు తీసి బల్ల మీద పెట్టాడు. "సేఠ్‌జీ, జర బయటికి రండి" అన్నాడు. పరమేశ్వర్ మనవరాలి వైపు చూడబోయి, చూడలేక, గోడకున్న ఫొటోను చూశాడు. అప్పుడు మొదటిసారి అతనికి ఆ తాళం కనిపించింది. మందిని తోసుకుంటూ నడవాల్సిన పని లేకపోయింది. మంది తామే పక్కకు జరిగారు. ఆ ఖాళీలో సఫారీ బట్టల మనిషి ఒక్కడే నడిచి పోవడం లింగమూర్తి మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా రెప్ప వేయకుండా చూశాడు. కడుపు నిండినట్టయింది. ఇంకా కావాలనిపించింది.

సుభాషిణి టీచర్ పిల్లలను పక్క గదిలోకి తోలుతోంది. సుమన పోలేదు.

"సార్."

"ఊ."

"తాళం సంగతి మీకు ముందుగాలనే ఎరుకనా?"

"ఎరుకే."

"మరి నాతోటి ఎందుకు తీయించిండ్రు? ఉమాకాంత్ ఉన్నడు. ఇంకెవ్వలన్న ఉన్నరు."

మెత్తటి మాట ఏదైనా చెప్పొచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా.

"ఇంకెవ్వలు తీసినా మీ తాత 'నాది' అని అనకపోయేటోడు" అన్నాడు.

సుమన ఏడవలేదు. అతని మొహం కేసి కొంతసేపు చూసింది. తర్వాత అతను నేర్పినట్టే వెనక్కి జరిగింది. తల దించింది. మెల్లగా కెమెరా ఎత్తింది. ఊపిరి విడిచి నొక్కింది. కెమెరా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అది సమాజం కెమెరా.

*

జోల్వాలో ఆ షటర్‌కు ఇప్పుడు తాళం లేదు. పోలీసులు జమున కాగితాలు మళ్లీ తీశారు. పరమేశ్వర్ గుడికి కూడా రావడం లేదని, ఇంట్లో కొడుకే మాట్లాడటం లేదని బిక్షపతి వచ్చి చెప్పాడు. చెప్పి, లింగమూర్తి చాయ్ పోస్తాడేమోనని కొంతసేపు కూర్చున్నాడు. లింగమూర్తి పోయలేదు.

సుమన క్లాసుకు రావడం మానేసింది. కెమెరాలో ఆ పిల్ల తీసిన చివరి ఫొటోను లింగమూర్తి ఒక్కసారి చూశాడు. మంచి ఫొటో. వెలుతురు సరిగ్గా ఉంది. మధ్యలో తన రెండు కండ్లు. ఆ కండ్ల ముందు ఏ పిట్టా దిగదు. చెరపలేదు. అట్లే ఉంచాడు.

ఎండలు ముదిరాక జమున ఏడాది మాసికం వచ్చింది. ఎవరినీ పిలవలేదు. తాపీ ఒడ్డున ఆకు వేసి సర్వపిండి పెట్టాడు, మటన్ పెట్టాడు, చాయ్ గ్లాసు పెట్టాడు. కాకులు గోడ మీద కూర్చున్నాయి. ఒకటి మెడ వంచి అతన్ని చూసింది.

తల వంచితే దిగుతుంది. అతనికి తెలుసు. నుదురు ఇసుకకు ఆనిస్తే చాలు, మరుక్షణం రెక్కల చప్పుడవుతుంది.

"ఇచ్చిన మాట అయిపోయింది" అన్నాడు పైకే. "నీ కోసం కాదు. నా కోసం."

కాకి దిగలేదు. లింగమూర్తి తల వంచలేదు. చాయ్ మీద మీగడ కట్టింది, ఆకు అంచులు ఎండకు ముడుచుకున్నాయి. అతను నిలబడే ఉన్నాడు, కాకిని చూస్తూ.